అందరూ జనవరి ఒకటినే

ఎల్లారెడ్డి,
2012, వరినాట్లు అయిపోయిన వారం.

గోవింద్‌కు,

నువ్వు కామారెడ్డిలో అచ్చువేయించిన మన ఇంటి చరిత్ర అందింది. తేదీలన్నీ ఒకే తీరుగా కనపడాలని, తెలియని చోటల్లా జనవరి ఒకటి వేశావట. ఎంత గొప్ప తెలివి! మా అవ్వ, మీ నాయనమ్మ చంద్రి పెళ్లి 01-01-1951. మా అన్న, అంటే మీ బాపు, పుట్టింది కూడా 01-01-1951. పెళ్లి పందిట్లోనే కన్నదన్నమాట మా అవ్వ! ఆమె బతికుంటే ఆ పుస్తకంతోనే నీ వీపు పగలగొట్టేది.

"మాఘంలో నా లగ్గమైంది. దీపావళి పోయినంక మీ అన్న పుట్టిండు" అని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మాటే నీకు ఫోన్‌లో చెబితే, "అత్తమ్మా, గది రికార్డు గాదు. ఆధారం ఉండాలె" అన్నావు. మరి జనవరి ఒకటికి ఆధారమేంది, నీ కంప్యూటరా?

తెలియని చోట ఖాళీ వదులు. తెలిసినచోట "చంద్రి చెప్పింది" అని రాసి, మళ్లీ అచ్చువేయించు.

నీ పుట్టినరోజు కూడా బడిలో పంతులు వేసిన తేదీయే పెట్టుకున్నావు. అది తప్పు. నువ్వు పుట్టగానే మొదట ఎత్తుకున్నది నేను. మీ అమ్మ పోయాక ఆ రోజు గుర్తున్నది నాకొక్కదానికే. కానీ నా దగ్గర కాగితం లేదు కదా, చెప్పను.

మీ బాపు చెల్లెలు