నువ్వు తోలిన కారు, వెనక సీటు

నాయనా,

కాంట్రాక్టరును ఎక్కించుకుని మన వీధిలో పోయేటప్పుడు, వాకిట్లో నిలబడి చెయ్యూపే నన్ను నువ్వెందుకు చూసేవాడివి కాదు? చిన్నప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మొన్న నీ తద్దినం పెట్టుకున్నాం. నిన్న ఆ కారును చూశాను. స్కూలు వార్షికోత్సవానికి పిలుద్దామని ప్రొద్దుటూరులో ఒక దూది వ్యాపారి ఇంటికి పోతే, ఆయన తన షెడ్డు చూపించాడు. పాత అమెరికా కార్లను కొని, బాగుచేయించి, తళతళలాడేట్టు వరసగా నిలబెట్టుకున్నాడు. నీ కారుకు రంగు మార్చారు గానీ, ఆయన హారను కొట్టగానే గుర్తుపట్టాను.

"ఎక్కండి హెడ్మిస్ట్రెసమ్మా! ఎనక కూర్చోండి, ముందర డ్రైవర్లు కూర్చుంటారు," అని నవ్వాడు.

వెనకే కూర్చున్నాను. మెత్తగా ఉంది.

"ఇది జమ్మలమడుగు కాంట్రాక్టరుది. దీన్ని తోలినోడు శానా నమ్మకస్తుడంట. మీదీ ఆ ఊరేనంట కదమ్మా, ఎరగరా?"

"లేదండీ. చదువుకని చిన్నప్పుడే మద్రాసు పోయినాను," అన్నాను.

నీకైతే, నాకేసి చూస్తే కొలువు పోతుందనే భయముండేదేమో. ఈయన నన్నేం చేస్తాడు? నీ కూతుర్నని చెప్పుకోడానికి సిగ్గుపడ్డానో, ఆ సీట్లో కూర్చున్నందుకే సిగ్గుపడి చెప్పలేకపోయానో, నాకింకా తేలడం లేదు.