మోకు కదిలినప్పుడు

సింహాద్రిపురం,
12-3-1958.

ఆదినారాయణకు,

అక్క నిర్మలమ్మ రాయునది. చిరంజీవి అని మొదలుపెట్టాలని కలం తీశాను గాని చేయి ఒప్పలేదు. ఇక్కడ మేము క్షేమం, మీ బావ కుడికాలు తప్ప. ప్రొద్దుటూరులో నువ్వు క్షేమమో కాదో నేను అడగడం లేదు.

నీ ఉత్తరం అందింది. పత్తి మిల్లులో బస్తాలు మోసి విసిగిపోయావట, శ్యామలమ్మగారి బావి తవ్వకానికి మళ్లీ వస్తావట, ఎద్దులు తోలే పని నీకే ఇప్పించాలట. ఎంత సులువుగా అడిగావు నాయనా. ఆ పని ఏమిటో మరిచిపోయినట్టున్నావు, నేను గుర్తు చేస్తాను. బావి అడుగున మీ బావ బండలో తూటా పెట్టి, వత్తి ముట్టించి, నడుముకు కట్టుకున్న మోకు కదిలిస్తాడు. గట్టు మీద మోకు రెండో కొస కట్టిన ఎద్దులను నువ్వు తోలాలి. ఎద్దులు నడిస్తే మనిషి పైకొస్తాడు. పోయిన వేసవిలో ఆయన మోకు కదిలించి, కదిలించి, అరుస్తుంటే నువ్వు సారా తాగి ఎద్దు మెడ మీద తల ఆనించి నిద్రపోతున్నావు. ఆయన చేతులతో మోకు పట్టుకుని ఎగబాకాడు కాబట్టి ప్రాణం దక్కింది. సగం దూరంలో ఉండగా తూటా పేలి, రాళ్లు లేచి మోకాలు చితికింది.

మద్యనిషేధం ఉన్న రోజుల్లో సారా ఎక్కడ దొరికిందని ఆ నాడు పోలీసులూ అడిగారు, నేనూ అడిగాను.

ఇప్పుడు గండి ఆంజనేయస్వామి ముందు ఒట్టు వేశానని రాశావు. వేసుకో. స్వామి వచ్చి ఎద్దులు తోలడు కదా. తాగుడు పూర్తిగా మానేశానన్నావు. మిల్లులో బస్తా జారితే చిరిగేది బస్తానే, అక్కడ మానడం గొప్పేమీ కాదు.

శ్యామలమ్మగారు మెత్తని మనిషి. మొదట రాళ్ల తట్టలు లాగించి చూద్దాం, నిలకడగా ఉంటే తర్వాత మనిషిని అప్పగిద్దాం అన్నారు. నేను వద్దన్నాను. దెబ్బ తిన్నది ఆమె ఇంటి మనిషి కాదు. మీ బావ అయితే నీ పేరు ఎత్తితేనే అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడు. నిన్ను చంకనేసుకుని పెంచినదాన్ని, అయినా చెబుతున్నాను, ఈ ఊరికి రావద్దు. నీ ముఖం చూడాలని నాకు లేదు.

ఇట్లు,
నీకు తోడబుట్టిన పాపానికి ఊరందరితో మాటలు పడ్డ
నిర్మలమ్మ.

తా.క.: అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడన్నది అబద్ధం. రోజూ నీ పేరు ఎత్తేది ఆయనే. నిన్ను రమ్మని రాయమని నన్ను కూర్చోబెడితే పైదంతా రాశాను. ఆయనకు చదువు రాదు గనుక సాగిపోతుందనుకున్నాను. కవరు అంటించబోతుంటే చదివి వినిపించమన్నాడు. రాసింది ఒకటైతే మరొకటి చదవడం నాకు చేతకాలేదు. అంతా విని, ఏమీ కొట్టేయొద్దు, వాడు చదవల్ల, కింద మాత్రం రమ్మని రాయి అన్నాడు. రాళ్ల తట్టలు వద్దట, మొదటి రోజే తానే దిగుతాడట. నీకు మతి ఉండాదా అని అడిగాను. గట్టు మీద భయం తెలిసినోడు ఉండల్ల, వాడు గాక ఈడ ఎవరుండారు అన్నాడు.

ఈసారి ఆ కాలితో ఆయన మోకు ఎగబాకలేడు. సోమవారం పొద్దున్నే రా. ఎద్దులను కట్టేముందు నా ముఖం ఎదుట నిలబడి ఊపిరి వదలాలి. ఆయన పైకొచ్చేదాకా నీ పక్కనే ఉంటాను, చేతిలో ముల్లుకర్రతో. అది ఎద్దులకు కాదు.