రేపు ఇస్తానన్న మందారం

అమ్మాయ్,

విచ్చుకోకుండా రాలిన మొగ్గ దేవుడికి చేరుతుందా అని నాకు ఏళ్ళుగా సందేహం.

మీరిద్దరూ ఆస్పత్రి నుంచి వచ్చేసరికి నేను డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటాను. అన్నం మూతపెట్టి ఉంచాను, ఆకలి లేదనకుండా తిను. బాల్కనీలో మందారానికి అబ్బాయి చేత నీళ్ళు పోయించు, నువ్వు బకెట్ ఎత్తకు. మట్టి తడిగా ఉంటే అసలు పోయొద్దు. ఆకుల కింద పిండినల్లి తెల్లగా పట్టింది, తడిగుడ్డతో తుడవమను. కుండీ మాత్రం జరపనివ్వకు, చోటు మారితే మీ మామయ్యలా అలుగుతుంది.

కింద రాలిన మొగ్గలు చూసి, నీళ్ళు ఎక్కువయ్యాయా, ఎండ చాల్లేదా అని వెతుక్కోకు. కొన్ని ఎవరి తప్పూ లేకుండానే రాలిపోతాయి. కడుపు నిలవకపోవడంలో నీ తప్పేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది కదా తల్లీ, ఆ మాట నమ్ము. పొద్దున దీపమైతే పెట్టాను గానీ, దేవుడితో మాట్లాడలేదు.

అత్తయ్య

మరిచాను. పెళ్ళైన కొత్తలో నువ్వు జడలోకి ఒక్క మందారం అడిగితే, “దేవుడికి సరిపోవాలిగా, రేపు ఇస్తాలే” అన్నాను. ఆ రేపు రానేలేదు. ఇవాళ పూసింది ఒకటే. దేవుడికి పెట్టలేదు. నీ దిండు మీద ఉంది.