బరువు లాగే ఫ్యాను

కృపావతి అక్కకు తమ్ముడు రవికుమార్ వందనాలు. రిజర్వాయరు దగ్గర సిగ్నల్ లేదు, అందుకే కార్డు రాస్తున్నాను. నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు.

మంగళవారం అవతలి ఒడ్డున ఉండే ఫల్గుణ భార్యకు నొప్పులొస్తే, ఆసుపత్రికని నేను నడిపే మోటారు పడవలో ఎక్కించాం. ఇంజను కింద నీళ్లలో తిరిగే ఫ్యాను, ఇద్దరు ముగ్గురు టూరిస్టులను జోరుగా తిప్పడానికి బిగించినది. దాని రెక్కలకు మెలిక ఎక్కువ, బరువు లాగదు. మార్చమని ముందే అడిగితే మెకానిక్ "ఏదైతే ఏటి, తిరుగుతాది కదా" అన్నాడు. ఆ రోజు పడవ నిండా మనుషులు, పైగా ఎదురుగాలి. ఇంజను మూలిగి పొగ కక్కిందే కానీ పడవ సాగలేదు. "బేగి పోనియ్యన్నా, బేగి" అని ఫల్గుణ ఏడుస్తూనే ఉన్నాడు. బిడ్డ పడవలోనే పుట్టింది. ఏడవలేదు. తల్లి మాత్రం బతికింది.

బావ విశాఖ వెళ్తే మెలిక తక్కువున్న ఫ్యాను తెమ్మను. పాతదాని నంబరు కార్డు అంచున రాశాను. పిచ్, అంటే ఆ మెలిక, దానికంటే రెండు అంగుళాలు తక్కువ ఉండాలని షాపులో చెబితే ఇస్తారు. మిరియాలు కోశారా? అమ్మకు దగ్గు తగ్గిందా? బావకు నా వందనాలు చెప్పు.

ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించు. బిడ్డకు పేరు పెట్టలేదు. ఫల్గుణ కూతురు అని చెబితే చాలు.