చివరి మూల చీకటి

ఆగస్టు 2006, మంగళవారం

సెల్‌ఫోన్ తెర వెనక ఉండే ప్లాస్టిక్ పలకను ఈ రోజు కాలేజీ లాబ్‌లో కంప్యూటర్ మీద మళ్లీ గీశాను. అంచున పెట్టిన దీపపు వెలుగు పలకలోనే అటూ ఇటూ కొట్టుకుంటుంది. అడుగున ఉన్న చుక్కకు తగిలితేనే పైకి వస్తుంది. నేను మిరప నాటడానికి చేలో గీతల అచ్చు తోలినట్టు చుక్కలన్నీ సమదూరంలో పెట్టాను. కంప్యూటర్ వెలుగు లెక్క కడితే బొమ్మ దీపం పక్కన తెల్లగా, చివర నల్లగా వచ్చింది.

పురుగుమందు కోసం గుంటూరు వచ్చిన నాన్న కంప్యూటర్ మీదికి వంగి చూశాడు.

"మన కాలవలాగే ఉంది గదరా. పైనోళ్లే తాగేస్తే చివరోళ్లకేం మిగులుద్ది? పైన తూములు తగ్గించు."

కాలవ చివరి రైతు కొడుకుని, నాకే తట్టలేదు. దీపం దగ్గర చుక్కలు పలచన చేసి, దూరం వెళ్లేకొద్దీ ఒత్తుగా పెట్టాను. పలకంతా ఒకేలా వెలిగింది. ఉద్యోగం కోసం బెంగళూరు కంపెనీ నాకు పెట్టిన పరీక్ష ఇదే. పంపిన గంటకే ఫోన్ చేసి, ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరమన్నారు.

అవి ప్రిన్సిపాల్ గారి బీరువాలో ఉన్నాయి. ఈ కాలేజీలో లెక్చరర్‌గా చేరిన రోజు, మధ్యలో మానేయననే పూచీగా నా చేతులతో నేనే ఇచ్చాను. వెళ్లి అడిగితే, "సంవత్సరం మధ్యలో ఇవ్వం కదండీ, కూర్చోండి, టీ తాగండి" అన్నారు. కూర్చుని తాగాను.

బస్సెక్కుతూ నాన్న అడిగాడు, "చివరికంటా వెలుగొచ్చిందా?"

వచ్చిందన్నాను.