అప్పలరాజు బోర్డు మళ్లీ పలికింది

గురువారం, రాత్రి

పొద్దున్న గోపాలపట్నం ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాత ఫోన్ బోర్డుకు కరెంటు అందించే పవర్ సప్లై పోయింది. బాగుచేయమని నన్ను పిలిచారు.

"కొత్త మెషీన్ పెట్టించేద్దాం. కాల్స్ అదే కలుపుతుంది, ఆపరేటర్ కూడా అక్కర్లేదు," అన్నాడు మేనేజరు. ఆపరేటర్ అప్పలరాజు అక్కడే ఉన్నాడు. చూపు లేని మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ మీటలు వేళ్లతో తడిమే కాల్స్ కలుపుతున్నాడు.

మేనేజరు వెళ్లాక అప్పలరాజు నన్ను మెల్లగా అడిగాడు. "ఏటి బావా, ఇంక బాగవ్వదేటి?"

పవర్ సప్లై పెట్టె విప్పాను. ఫ్యూజు బాగానే ఉంది, ఒక కెపాసిటర్ మాత్రం ఉబ్బిపోయింది. బజారు నుంచి అలాంటిదే తెచ్చి సోల్డరింగ్ చేశాను. స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ విప్పి చూస్తే పక్కన ఒక తీగ ఊడి ఉంది. దాన్ని అతికించి స్విచ్ వేయగానే బోర్డు మోగింది. అప్పలరాజు రిసీవర్ అందుకుని, "నమస్కారమండీ, ఎవరు కావాలండీ?" అన్నాడు.

మేనేజరు ఇక కొత్త మెషీన్ మాట ఎత్తలేదు. కానీ లోపల మిగతావన్నీ అంతే పాతవి. ఎన్నాళ్లు పనిచేస్తాయో...

సాయంత్రం ఇంటికొచ్చాక ఆఫీసు నంబరు నుంచి ఫోన్ వస్తే, బోర్డు మళ్లీ పాడైందేమో అనుకుంటూ ఎత్తాను.

"ఏటీ నేదు బావా," అన్నాడు అప్పలరాజు. "పలుకుతందా నేదా అని సూత్తన్నాను."