ఈస్టర్ కోటు వేసుకుని కట్టే పన్ను

నాన్నా,

బీట్‌రూట్ సూప్ స్టవ్ మీద ఉంది, లేవగానే వేడి చేసుకుని తాగు. పన్ను చెక్కు రాసి కవరులో పెట్టాను. సంతకం చేసి ఈ రోజే పోస్టులో వెయ్యి. గడువు ఈ రోజుతో సరి.

ఫోన్‌లో జూదమాడి అంత గెలిచి, "ఇంకా ఫోన్‌లోనే ఉందిగా, ఇంటికి రాని డబ్బుకు పన్నేమిటే?" అన్నావు. గెలిచిన రోజే అది నీ రాబడి నాన్నా. ఆ జూదం కంపెనీ వాళ్లు ఆ సంగతి ప్రభుత్వానికి కూడా చెప్పారు. నువ్వే నాకు చెప్పలేదు. ఇంట్లో మొదటి డిగ్రీ నాది, అదీ లెక్కల్లోనే, అయినా నా దగ్గరే దాచావు.

నిన్న ఎంత కట్టాలో చెప్పినప్పుడు తిడతావనుకున్నాను. నువ్వేమో, "పోలండ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఏటా పన్నులో ఎంతో కొంత వాళ్లే మనకు తిరిగి పంపేవాళ్లు. ఈసారి ఈ దేశానికి మనమే ఇస్తున్నామా, హలీనా?" అన్నావు. పోస్టాఫీసుకు వేసుకెళ్లాలని, పండగకు చర్చికి తప్ప వెయ్యని ఈస్టర్ కోటు తీసి కుర్చీకి తగిలించావు.

హలీనా

కోటు పై గుండీ ఊడితే కుట్టాను. పోస్టాఫీసు ఐదింటిదాకా ఉంటుంది. నాలుగింటికల్లా వచ్చేస్తాను, ఆగు. నేనూ మంచి బట్టలు వేసుకుని వస్తాను.